ముల్లు దొరికిందాకా

పంచరు వేయడం రాని సైకిలు షాపు ఉండదు. వేసిన పంచరు మూడో రోజుకే తిరిగి రాకుండా చూసే పనివాళ్ళు మాత్రం తక్కువ. నల్లమాడలో అలాంటి ఒకాయన పని దగ్గర కూర్చుని చూశాను. పంచరు పనిలో అతుకు వేయడం చిన్న భాగమని అప్పుడు తెలిసింది. అతుక్కి ముందు వెతకడం, అతుకు తర్వాత ఎక్కించడం, ఈ రెండింట్లోనే పనితనమంతా ఉంది.

షాపంటే పెద్దగా ఏమీ లేదు. రోడ్డు పక్క రేకుల పందిరి, కింద గోనెపట్టా, ఇనుప బాండ్లిలో నీళ్ళు, మేకులకు వేలాడే పాత ట్యూబులు, కాళ్ళతో తొక్కిపట్టి రెండు చేతులా కొట్టే గాలి పంపు. సామాన్లన్నీ ఒక చెక్కపెట్టెలో పడతాయి.

నల్లమాడ కదిరికీ పుట్టపర్తికీ నడుమ ఉన్న మండల కేంద్రం. పాత అనంతపురం జిల్లా ఊరు, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే సీమ ఇది. దేశంలో జైసల్మేరు తర్వాత అంత తక్కువ వాన పడేది అనంతపురంలోనే అని పేరు. వాన లేనిచోట ఏం పెరుగుతుందంటే ముల్లు పెరుగుతుంది. బీడు పడ్డ వేరుశనగ చేలల్లో, ఎండిన కుంటల్లో, రోడ్డు వారల్లో ఎటు చూసినా సర్కారు తుమ్మ కంపే. ఆ చెట్టు ఇక్కడిది కాదు, సముద్రం దాటి వచ్చింది. కట్టెల కరువు తీరుతుందని మద్రాసు అటవీ శాఖ వాళ్ళు జమైకా నుంచి విత్తనాలు తెప్పించి, 1877-78 ప్రాంతంలో పక్కనే ఉన్న కడప జిల్లా కమలాపురంలో నాటించారు. దేశంలో అదే మొదలంటారు. కట్టెల కరువు మాటేమో గానీ, సైకిలు షాపులకు మాత్రం పనికి కరువు లేదు. దాని ముల్లు నిటారుగా, రెండంగుళాల దాకా పెరుగుతుంది. టైర్లో దిగి, మొదలు విరిగి, మొన లోపలే ఉండిపోతుంది. పైకేమీ కనిపించదు.

రెండో శత్రువు పల్లేరు. ఇది మన సొంతం. కాయ ఎండితే అయిదు ముక్కలవుతుంది, ఏ ముక్క ఎటు పడినా ఒక ముల్లు ఆకాశం వైపు చూస్తూనే ఉంటుంది. అమెరికా పడమటి రాష్ట్రాల్లో సైకిళ్ళు తొక్కేవాళ్ళను కూడా ఇదే కాయ ఏడిపిస్తోంది. దాన్ని తినే ముక్కుపురుగుల్ని 1961లో ఇటలీ నుంచి తెప్పించి అక్కడ వదిలారు. పల్లేరు కాస్త తగ్గింది, పోలేదు.

ఇక పనిలోకి వద్దాం. మెత్తబడ్డ టైరుతో సైకిలు నడిపించుకుంటూ ఎవరో వచ్చారనుకోండి. చాలాచోట్ల వెంటనే టైరు విప్పే లివరు అందుకుంటారు. ఈయన ముందు నాలుగు పోట్లు గాలి కొడతాడు. వేలు తడిచేసుకుని వాల్వు మూతి మీద చుక్క పెడతాడు. ఆ చుక్క బుడగై ఉబ్బితే టైరు విప్పే పనే లేదు. మన మామూలు సైకిళ్ళ వాల్వులో ఒక ఇత్తడి పుల్ల ఉంటుంది, దాని పక్కన సన్నని బెజ్జం, ఆ బెజ్జాన్ని కప్పుతూ చిన్న రబ్బరు గొట్టం. అదే వాల్వు ట్యూబు. కొట్టిన గాలి ఆ రబ్బరును తోసుకుని లోపలికి పోతుంది, తిరిగి రాబోతే అదే రబ్బరు బెజ్జానికి అతుక్కుని దారి మూసేస్తుంది. ఇంత చవక యంత్రం మరొకటి ఉండదేమో. కానీ ఈ ఎండలకు ఆ రబ్బరు తొందరగా చీకిపోతుంది. పంచరని వచ్చే సైకిళ్ళలో కొన్నింటికి నిజానికి పోయింది ఇదే. కొత్త ముక్క కత్తిరించి, ఎంగిలి తడితో జార్చి ఎక్కించి, నట్టు బిగించి పంపేస్తాడు. పంచరు డబ్బులు తీసుకోవచ్చు, ఎవరికీ తెలియదు. తీసుకోడు.

చుక్క కదలకపోతే అప్పుడు పంచరే. ఇక్కడ కొత్తవాళ్ళను ఆశ్చర్యపరిచే మొదటి సంగతి, చక్రం ఊడదీయడు. మన పాత మోస్తరు నల్ల సైకిలుకు వెనక చక్రం ఊడదీయాలంటే చైను కవరు, మడ్‌గార్డు కంబీలు, స్టాండు, క్యారియరు, రాడ్ బ్రేకు అన్నీ అడ్డమే. అన్నీ విప్పి మళ్ళీ బిగించినా చైను బిగువు పాత లెక్కకు రాదు, చక్రం ఫోర్కు మధ్యలో నిలవదు. అందుకని సైకిలును స్టాండు మీదే ఉంచి, టైరు ఒక పక్క అంచు మాత్రం రిమ్ము దాటించి, ఆ సందులోంచి ట్యూబును బయటికి లాగుతాడు. రెండో పక్క అంచు రిమ్ములోనే ఉంటుంది. ఒళ్ళు దాచుకోవడమని మొదట అనిపించింది. అది కాదని, దీనివల్ల ట్యూబు టైరు పక్కనే ఎటూ తిరగకుండా వేలాడి ఉంటుందని, దొంగ ముల్లును పట్టేది ఆ పొంతనతోనే అని తర్వాత తెలిసింది.

లివరు పెట్టడానికీ ఒక పద్ధతుంది. ముందు గాలి మొత్తం పిండేసి, చక్రం చుట్టూ టైరును రెండు బొటనవేళ్ళతో నొక్కుతూ వస్తాడు. ఎండకు రిమ్ముకు కరుచుకున్న అంచు ఊడి, రిమ్ము నడిమి గాడిలోకి జారుతుంది. ఆ తర్వాతే వాల్వుకు కాస్త ఎడంగా లివరు దూరుస్తాడు, అదీ మొన మాత్రమే. లోతుగా దూరిస్తే ట్యూబు లివరుకూ రిమ్ముకూ నడుమ చిక్కి నలుగుతుంది. ఒక పంచరుకని వచ్చినవాడికి రెండు పంచర్లు మిగులుతాయి.

ట్యూబు బయటికొచ్చాక గాలి కొడతాడు, మామూలు కంటే కాస్త లావయ్యేదాకా. ముందు చెంప దగ్గర పెట్టుకుని అంగుళం అంగుళం జరుపుతాడు. పెద్ద బెజ్జమైతే గాలి చెంపకు తెలుస్తుంది. తెలియకపోతే బాండ్లి. ట్యూబును నీళ్ళలో ముంచగానే బుడగలు వస్తాయి, వాటిని నమ్మడు. అవి మడతల్లో, వాల్వు మొదట్లో పట్టుకున్న బయటి గాలివి. నీళ్ళలోనే ట్యూబు మీద అరచెయ్యి ఒకసారి తుడిచి, నీళ్ళు కదలడం ఆగేదాకా చూస్తాడు. ఆ తర్వాత ఒకేచోటు నుంచి వరసగా, సన్నగా లేచేవే నిజమైన బుడగలు. ఒక బెజ్జం దొరికినా ఆపడు, ట్యూబు చుట్టూ పూర్తిగా తిప్పుతాడు. కంప మీద పోయిన సైకిలుకు ఒక్క ముల్లే దిగాలని లేదు కదా. వేసవిలో ఊళ్ళో నీళ్ళకు బిందెలు వరస కట్టే రోజుల్లో కూడా బాండ్లి నీళ్ళు తప్పవు. పొద్దున పోసినవే సాయంత్రం దాకా నల్లగా అవుతూ పనికొస్తాయి.

బెజ్జం దొరికాక బాల్‌పెన్నుతో దాని మీద కూడిక గుర్తు గీస్తాడు. గీతలు పొడుగ్గా, నాలుగు వైపులా అతుకు దాటి బయటికి వచ్చేలా. ఎందుకంత పొడవని అడగాల్సిన పని లేదు, మరుక్షణమే తెలుస్తుంది. బెజ్జం చుట్టూ రబ్బరును గీకేటప్పుడు మధ్య గుర్తు చెరిగిపోతుంది. బయట మిగిలిన నాలుగు కొసల్ని కంటితో కలిపితే నడిమధ్య ఎక్కడో మళ్ళీ దొరుకుతుంది. ఇంత చిన్న ఆలోచన లేకే ఎన్ని అతుకులు బెజ్జానికి పక్కన పడతాయో!

ఇక అసలు విద్య. ట్యూబును ఉన్నదున్నట్టు టైరు పక్కన పట్టుకుని, వాల్వు నుంచి బెజ్జం ఎంత దూరమో చూసి, టైర్లో సరిగ్గా ఆ చోటికి చెయ్యి పెడతాడు. ట్యూబు బయటి వంపు మీద బెజ్జం ఉంటే తప్పు ముల్లుది. లోపలి వైపు, రిమ్ముకు ఆనే చోట ఉంటే తప్పు చక్రం పుల్లది. ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 పుల్లలుంటాయి మన నల్ల సైకిళ్ళకు. వాటిలో ఏదో ఒకటి నిపిలు దాటి పొడుచుకు వచ్చి ఉంటుంది, లేదా దాన్ని కప్పే రిమ్ము పట్టీ జరిగి ఉంటుంది. ఆ పుల్ల కొస ఆకురాయితో రుద్ది, పాత ట్యూబు నుంచి కోసిన పట్టీ వేస్తాడు. రెండు గాట్లు పక్కపక్కనే ఉంటే అది ముల్లూ కాదు, పుల్లా కాదు. గాలి తక్కువతో, క్యారియరుకు రెండు పక్కలా నీళ్ళ బిందెలో, శనగకాయల మూటో వేసుకుని రాయి మీదికి ఎక్కించినప్పుడు రిమ్ము రెండంచులూ ట్యూబును కొరికిన గుర్తులవి. అలాంటప్పుడు టైర్లో వెతికినా ఏమీ దొరకదు. సైకిలాయన్ను మాత్రం ఒక మాట అంటాడు: “గాలి కొట్టిచ్చకుండా బరువేస్తే ట్యూబేం చేస్తాదన్నా?”

ముల్లయితే మాత్రం దాన్ని చేతిలోకి తీసుకున్నదాకా వదలడు. టైరు లోపల రెండు వేళ్ళ కొసలు ఆనించి, నిదానంగా ఒకవైపు జరుపుతాడు. తర్వాత అదే దారిలో ఎదురు దిశలో. ముల్లు వాలుగా దిగి ఉంటే ఒకవైపు నిమిరితే తెలియదు, ఎదురొస్తేనే గుచ్చుకుంటుంది. వేలికి తగిలినదాన్ని లోపల్నుంచి మేకు మొనతో బయటికి తోసి, పట్టకారుతో లాగి, సైకిలాయన అరచేతిలో పెడతాడు. మినపగింజంత కూడా ఉండదు. ఒకసారి ఒకాయన తొందరపడుతున్నాడు, కదిరి బస్సు అందుకోవాలట. “ముల్లు దొరకలేదప్పా ఇంకా. ఇట్లే ఎక్కిస్తే నీకు బస్సు దొరుకుతాది, ఇంటికి పొయ్యేకి సైకిలుండదు” అన్నాడు షాపాయన, తల ఎత్తకుండా.

అతుకు గురించి కూడా చెప్పుకోవాలి. రేకు ముక్కకు మేకుతో బెజ్జాలు పొడిచి తిప్పితే గరుకు పక్క తయారవుతుంది, దాంతోనే గీకుతాడు. ఇప్పటి ట్యూబులు బ్యూటైల్ రబ్బరువి. పాత సహజ రబ్బరు ట్యూబుల కంటే గాలిని బాగా నిలుపుతాయి, కానీ అతుకును అంత తొందరగా పట్టవు. పైపొర నునుపు, అచ్చులోంచి ఊడిరావడానికి పూసిన పొడి, ఎండకు మాడిన పొర, మూడూ పోయి మసక నలుపు రావాలి. సొల్యూషన్ అంటే పెట్రోలు జాతి ద్రావకంలో కరిగించిన రబ్బరే. దోసె పెనానికి నూనె పూసినంత పల్చగా పూస్తాడు, అతుకు కంటే అరంగుళం బయటిదాకా. పాత ట్యూబు నుంచి కోసిన ముక్కయితే దాన్నీ గీకి, దానికీ పూస్తాడు. ముక్కను గుండ్రంగానే కోస్తాడు, మూలలుంటే అక్కణ్ణుంచే లేస్తుంది. అంచుల్ని గీకి పల్చన చేస్తాడు, లేకపోతే టైరు లోపల గట్టు కట్టి రాసుకుంటుంది.

పూశాక ఆగుతాడు. ఇక్కడే చాలామంది చెడగొట్టేది. తడిగా ఉన్నప్పుడే అంటిస్తే ద్రావకం లోపల చిక్కుకుపోతుంది. అది ఆవిరవడానికి దారి వెతుక్కుంటూ అతుకును లేపుతుంది. నల్లమాడ ఎండకు సొల్యూషన్ తొందరగా ఆరుతుంది, కానీ పైపొర మాత్రమే ఆరి కింద తడి ఉండిపోవచ్చు. అందుకే ఎండలో కాదు, పందిరి నీడలో పెట్టి ఆరనిస్తాడు. వేలి వెనకపక్క, గోరు పైన ఉన్న చర్మంతో తాకి చూస్తాడు. వేలి కొస అయితే చమట, నూనె అంటుతాయి. జిగట తగ్గి, తడి అంటనప్పుడు ముక్కను మధ్య నుంచి అంచులకు నొక్కుతూ పెట్టి, స్పానరు మొదలుతో చెక్క మీద తట్టుతాడు. పైన సుద్దపొడి చల్లుతాడు, లేకపోతే మిగిలిన జిగట టైరుకు పట్టుకుంటుంది. ఆఖర్న ట్యూబును మళ్ళీ నీళ్ళలో ముంచుతాడు, బాండ్లి దగ్గరికి వెళ్ళకుండా పంపిన సైకిలు నేను చూడలేదు.

ఇప్పుడు ఎక్కించడం. దీన్ని అర్థం చేసుకోవాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. గాలి టైరు ఆలోచన రాబర్ట్ విలియం థామ్సన్‌ది, 1845లోనే పేటెంటు తీసుకున్నాడు, ఎవరూ పట్టించుకోలేదు. 1887-88లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్లప్ అనే పశువైద్యుడు కొడుకు మూడు చక్రాల బండి కోసం మళ్ళీ కనిపెట్టాడు. ఆ టైరు రిమ్ముకు జిగురుతో అంటించి ఉండేది. అలాంటి టైరు పంచరై ఫ్రాన్సులో మిషలిన్ అన్నదమ్ముల ఫ్యాక్టరీకి వస్తే, విప్పడానికి గంటలు, జిగురు ఆరడానికి రాత్రంతా పట్టింది. ఆ విసుగులోంచే 1891లో ఊడదీసి ఎక్కించుకునే టైరు చేశారు వాళ్ళు. అదే ఏడాది పారిస్ నుంచి బ్రెస్ట్ పోయి తిరిగి వచ్చే 1200 కిలోమీటర్ల పందెంలో షార్ల్ తెరోఁ ఆ టైర్ల మీదే గెలిచాడు. కానీ మన సైకిలుకు ఉన్నది ఆ టైరు కాదు. ఇంగ్లండులో చార్లెస్ కింగ్‌స్టన్ వెల్చ్ 1890లో పేటెంటు తీసుకున్నది. టైరు రెండంచుల్లోనూ సాగని ఇనుప తీగ, రిమ్ము నడుమ ఒక గాడి. డన్లప్ కంపెనీ ఆ హక్కులు కొనుక్కుంది. నల్లమాడ షాపులో మేకుకు వేలాడే 28 × 1½ టైరు వరకు ఆ లెక్క మారలేదు.

తీగ సాగదు. తీగ చుట్టుకొలత కంటే రిమ్ము అంచు చుట్టుకొలత ఎక్కువ. అయినా ఎట్లా ఎక్కుతుంది? చక్రానికి ఒక పక్క టైరు అంచు నడిమి గాడిలోకి దిగితే, ఎంత లోతు దిగిందో అంత సడలు ఎదుటి పక్కకు వస్తుంది. కిటుకంతా ఆ కొద్ది మిల్లీమీటర్ల సడలు. ఎక్కడా వృథా చేయకుండా దాన్ని చేతులతో తోసుకుంటూ ఆఖరి చోటికి తేవాలి. వాల్వు ఉన్నచోట ట్యూబు మొదలు లావుగా ఉండి గాడిని ఆక్రమిస్తుంది, అక్కడ అంచు కిందికి దిగదు. అందుకే షాపాయన వాల్వుకు ఎదురుపక్క మొదలుపెట్టి, వాల్వు దగ్గర ముగిస్తాడు. తెలియనివాళ్ళు తిరగేసి చేసి, ఆఖరి నాలుగంగుళాలు దాటక, లివరుతో బలవంతం చేస్తారు. అప్పుడే ట్యూబు చిరుగుతుంది.

ముందు ట్యూబుకు రెండు మూడు పోట్ల గాలి పెడతాడు, గుండ్రంగా అయ్యేంతే. గాలి లేని ట్యూబు మెలిపడుతుంది, మడత అంచు కింద చిక్కుతుంది. వాల్వును బెజ్జంలో దూర్చి నిటారుగా నిలబెడతాడు. ట్యూబును టైర్లోకి వేళ్ళతో సర్దుతూ చక్రం చుట్టూ పోతాడు. తర్వాత కింద నుంచి రెండు బొటనవేళ్ళూ చెరోవైపు జరుపుతూ టైరు అంచును రిమ్ము దాటిస్తాడు, దాటించిన ప్రతి జానెడునూ నొక్కి గాడిలోకి తోస్తాడు. ఆఖరి చోట ఆగి, మొదలుపెట్టిన చోటు నుంచి మళ్ళీ రెండు చేతులతో టైరును నిమురుతూ సడలంతా పైకి తెస్తాడు. అరచేతుల మొదళ్ళతో ఒక్క తోపు. అంచు టప్పున దిగుతుంది. లివరు పెట్టెలోనే ఉంటుంది.

వెంటనే గాలి కొట్టడు. వాల్వును ఒకసారి లోపలికి, టైర్లోకి నొక్కి వదులుతాడు, దాని లావు మొదలు టైరు అంచు కింద ఇరుక్కుని ఉంటే బయటపడుతుంది. చక్రం చుట్టూ టైరును పక్కకు వంచి చూస్తాడు, ఎక్కడైనా ట్యూబు నల్లగా తొంగి చూస్తోందా అని. సగం గాలి కొట్టి చక్రం తిప్పుతాడు. టైరు పక్కగోడ మీద అంచుకు దగ్గరగా ఒక సన్నని గీత అచ్చు వేసి ఉంటుంది, రిమ్ము చుట్టూ ఆ గీత ఒకే ఎత్తులో కనపడాలి. ఒకచోట మునిగి, ఇంకోచోట లేస్తే టైరు సరిగా కూర్చోలేదన్న మాట. గాలి తీసేసి చేత్తో సర్ది మళ్ళీ కొడతాడు. వాల్వు ఒకవైపు వాలినా అంతే, ట్యూబు లోపల లాగబడి ఉంది, అట్లే వదిలితే కొన్నాళ్ళకు వాల్వు మొదట్లో చీలుతుంది. అక్కడ చీలితే ఏ అతుకూ నిలవదు, ట్యూబు మార్చాల్సిందే.

రాడ్ బ్రేకు కట్టలు మన సైకిళ్ళకు రిమ్ము లోపలి వైపు, ఇరుసు ఉన్న పక్క ఆనుతాయి. చక్రం ఒకసారి తిప్పి అవి రాసుకోవడం లేదని చూసుకుని, అప్పుడు మిగతా గాలి. ఎంత కొట్టాలనేది గేజీ చెప్పదు, గేజీ లేదు. “ఎవరు తొక్కేది? బరువేమన్నా ఏస్తావా?” అని అడుగుతాడు. బడికిపోయే పిల్ల తొక్కే సైకిలుకు ఒక లెక్క, కోళ్ళ గంప కట్టుకునేవాడికి ఇంకో లెక్క. మధ్యాహ్నమైతే ఇంకా ఒకటి రెండు పోట్లు తగ్గిస్తాడు. నీడలో 30 డిగ్రీల దగ్గర కొట్టిన గాలి, ఎండలో నిలబెట్టిన సైకిలు టైర్లో 60 డిగ్రీలకు వేడెక్కితే లోపలి ఒత్తిడి సుమారు పదో వంతు పెరుగుతుంది. మంచి ట్యూబుకు అదేం లెక్క కాదు గానీ, వేడికి మెత్తబడే కొత్త అతుక్కు లెక్కే.

ఈ మధ్య వస్తున్న గేరు సైకిళ్ళకు మోటారు బండి రకం వాల్వు ఉంటోంది. వాటికోసం పంపు మూతికి ఇంకో తల పెట్టుకున్నాడు, ట్యూబులు మాత్రం పుట్టపర్తి నుంచో కదిరి నుంచో తెప్పించాలి. చక్రం ఒక మీట తిప్పితే ఊడి వచ్చే సైకిలైనా, ఆయన ఊడదీయకుండానే పని కానిస్తాడు. ట్యూబే మార్చాల్సి వస్తే తప్ప.

డబ్బులు తీసుకుని, వాల్వు మూత బిగించి, సైకిలు అప్పజెప్తూ చెప్పేది ఒకటే మాట. “రేపు పొద్దున ఒగసారి నొక్కి చూడప్పా. మెత్తగుంటే తీసకరా, దుడ్డేమీ ఒద్దు.”